కుండకు రంగు, కష్టానికి వెల

(అభిరుచిగా కుండల మీద బొమ్మలు వేసేవారి కోసం హైదరాబాదులో ఏర్పాటు చేసిన సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం.

ఈ హాలులో కూర్చున్నవారిలో ఎక్కువమంది ఇంట్లో కుండల మీద, కుండీల మీద, ప్రమిదల మీద బొమ్మలు వేస్తున్నవారే. చుట్టాల గృహప్రవేశానికి ఒక కుండీయో, స్నేహితురాలి కూతురి పెళ్ళికి ఒక జత కుండలో వేసి ఇచ్చి ఉంటారు. చూసినవారు ‘ఇంత బాగా వేస్తున్నావు, అమ్మకానికి పెట్టకూడదూ’ అని ఉంటారు. ఆ మాట విన్న తర్వాతే మీలో చాలామందికి ఈ ఆలోచన వచ్చిందని నిర్వాహకులు నాతో చెప్పారు. చేస్తున్న ఉద్యోగాన్ని, ఇంటి పనులను వదులుకోకుండా, మిగిలిన వేళల్లో ఈ పనిని ఒక చిన్న వ్యాపారంగా ఎలా నిలబెట్టుకోవచ్చో చెప్పమని నన్ను పిలిచారు.

ముందే ఒక మాట చెబుతాను, తర్వాత చెప్పబోయేదంతా ఇంచుమించు దాని వివరణే. బొమ్మ వేసే మన కళ్ళు ఎప్పుడూ బొమ్మ మీదే ఉంటాయి. డబ్బిచ్చి కొనేవారు మాత్రం ఒక కుండను ఇంటికి తీసుకెళుతున్నారు. అందులో మొక్క నాటుతారు, నీళ్ళు పోస్తారు, నూనె పోసి దీపం వెలిగిస్తారు, వేడి కాఫీ తాగుతారు. ఆ పనులన్నీ జరుగుతుండగా మన రంగు ఎలా ఉంటుందో ముందుగా తెలుసుకున్నవారి దగ్గరికే కొన్నవాళ్ళు మళ్ళీ వస్తారు, మరో నలుగురికి చెబుతారు. ఏ సరుకు చేయాలి, ఎంతకు అమ్మాలి, ఎంత దూరం పంపాలి అన్న ప్రశ్నలకు కూడా జవాబు అక్కడి నుంచే దొరుకుతుంది.

రంగు వేసిన కుండ మనవాళ్ళకు కొత్త వస్తువేమీ కాదు. పెళ్ళిలో ఐరేణి కుండలు ఉంటాయి, కొన్నిచోట్ల అరివేణి కుండలంటారు. వాటికి సున్నం పూసి, జాజుతో, పసుపుతో గీతలు, చుక్కలు, తీగలు దిద్ది, కుమ్మరి ఇంటి నుంచి మేళతాళాలతో తెచ్చుకునే ఆచారం తెలంగాణ పల్లెల్లో ఇంకా నిలిచే ఉంది. ఆషాఢంలో బోనం కుండకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపరెమ్మలు కట్టి, పైన దీపం పెడతారు. ఉగాది పచ్చడికి కొత్త కుండ కావాలి, దీపావళికి కొత్త ప్రమిదలు కావాలి. కొనాలన్న కోరిక మనం కొత్తగా పుట్టించవలసిన అవసరం లేదు, అది పంచాంగంలోనే ఉంది. పెళ్ళివారు, సీమంతం చేసేవారు, నోము పట్టి వాయనాలు ఇచ్చేవారు ఇప్పుడు కాస్త పనితనం ఉన్న మట్టి వస్తువు కోసం వెతుకుతున్నారు. మనం నిలబడవలసిన చోటు అదేనని నా నమ్మకం.

ఇక కుండ దగ్గరికి వద్దాం. కుమ్మరి దగ్గర కుండ ఎంచేటప్పుడు వేలి కణుపుతో తట్టి చూడాలి. బాగా కాలిన కుండ ఖంగుమంటుంది. బీటలున్నదీ, సరిగా కాలనిదీ మొద్దుగా పలుకుతుంది. ఆరుబయట ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, కట్టెలు, గడ్డి, పిడకలు పెట్టి కాల్చినప్పుడు వేడి అన్ని కుండలకూ ఒకే తీరుగా తగలదు కాబట్టి, ఒకే ఆవం నుంచి దించిన సరుకులో కూడా గట్టివీ మెత్తవీ కలిసే ఉంటాయి. నల్లమచ్చలు చూసి కుండను వదిలేయకండి, అవి పొగ తగిలిన గుర్తులు. గోటితో గీరితే పొడి రాలుతున్న కుండను మాత్రం ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. దాని మీద రంగు ఎంత గట్టిదైనా, రంగు కింది మట్టే ఊడి వస్తుంది.

తెచ్చిన కుండను బ్రష్షుతో రుద్ది కడగాలి, తర్వాత ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. పైకి ఆరినట్టు కనిపించినా గోడ లోపల తడి మిగిలి ఉంటుంది కాబట్టి ఒక పూట ఎండ సరిపోదు. ఆ తర్వాత 120 నంబరు గరుకు కాగితంతో, పిమ్మట 220 నంబరుతో రుద్ది, దుమ్ము తుడిచి ప్రైమరు, అంటే రంగు పట్టడానికి ముందుగా వేసే పూత, వేయాలి. మొదటి పూత వేస్తున్నప్పుడు కుంచెను గమనించండి. ఆనించిన వెంటనే మట్టి తడిని లాగేసుకుంటుంది, రంగు జారదు, కుంచె ఉన్నచోటే పట్టేస్తుంది. చాలామంది అప్పుడు ఇంకాస్త చిక్కటి ప్రైమరు తీసి మెత్తుతారు. చేయవలసింది దానికి సరిగ్గా వ్యతిరేకమైన పని: మొదటి పూతను కొద్దిగా నీళ్ళు కలిపి పలుచగా వేస్తే అది మట్టి రంధ్రాల్లోకి దిగి పట్టు దొరకబుచ్చుకుంటుంది, రెండో పూత దాని మీద నున్నగా పరుచుకుంటుంది.

పూలకుండీల విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరం ముందు అమ్మాలనుకునేది అవే, ఎక్కువ ఫిర్యాదులు వచ్చేదీ వాటి మీదే. రంగు వేసి మొక్క నాటిన కుండీని ఒక వానాకాలం గడిచాక దగ్గరికి వెళ్ళి చూడండి. అడుగు నుంచి జానెడు ఎత్తు వరకు రంగు అప్పడంలా పొంగి ఉంటుంది, వేలితో నొక్కితే పెళ్ళలుగా ఊడిపోతుంది, దాని వెనుక తెల్లని పొడి కనిపిస్తుంది. ఆ పొడి ఉప్పు. మనం పోసే బోరు నీళ్ళలో, వేసే ఎరువులో కరిగి ఉన్న లవణాలు తడితో పాటు మట్టి గోడ గుండా బయటికి వస్తాయి. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం రంగు పొర వెనుక గడ్డకట్టి దాన్ని బయటికి నెడుతుంది. బయట ఎన్ని పూతల వార్నిషు వేసినా ఈ జబ్బు తగ్గదు, తడికి దారి మూసుకుపోవడం వల్ల కొన్నిసార్లు ఇంకా ముదురుతుంది.

తడి వచ్చేది లోపలి నుంచి కాబట్టి వైద్యం కూడా లోపలే చేయాలి. రంగు పని మొదలుపెట్టక ముందే కుండీ లోపలివైపు, అడుగున నీరు పోయే రంధ్రం అంచుల దాకా, నీటిని ఆపే పూత రెండుసార్లు వేసి పూర్తిగా ఆరనివ్వాలి. అంత పని చేయలేకపోతే, లోపల ప్లాస్టిక్ కుండీ దించుకునే పై తొడుగుగానే దాన్ని అమ్మాలి, ఆ సంగతి చీటీ మీద స్పష్టంగా రాయాలి. నేను రెండో పద్ధతికే ఎక్కువ మొగ్గుతాను. నగరాల్లో నర్సరీ నుంచి మొక్కను ప్లాస్టిక్ కుండీతోనే తెచ్చుకుంటారు కాబట్టి కొనేవారికి అది ఇబ్బందిగా ఉండదు.

నీళ్ళ కుండకు మాత్రం వేరే లెక్క ఉంది. మట్టి కుండలో నీరు చల్లబడేది గోడ రంధ్రాల గుండా కొంచెం కొంచెంగా బయటికి ఊరి, ఆవిరవుతూ వేడిని తీసుకుపోవడం వల్ల. కుండ మొత్తానికీ అక్రిలిక్ రంగు, వార్నిషు పూస్తే ఆ రంధ్రాలన్నీ మూసుకుపోతాయి, నీళ్ళు చల్లబడవు. చూడటానికి అద్భుతంగా ఉండి, నీళ్ళు చల్లబరచని కుండను ఎండాకాలంలో అమ్మితే ఆ ఇంటివాళ్ళు మళ్ళీ మన ముఖం చూడరు. మెడ చుట్టూ సన్నని పట్టీలా మాత్రమే బొమ్మ వేసి, కడుపు భాగాన్ని వట్టి మట్టిగా వదిలేయడం సరైన పని. నా కంటికి ఆ కుండే అందంగా కూడా ఉంటుంది.

ప్రమిదల్లో ఒత్తి ఆనే ముక్కు దగ్గర, నూనె నిలిచే లోపలి భాగంలో రంగు వేయవద్దు. అక్రిలిక్ రంగు అంటే ప్లాస్టిక్ జాతి పదార్థమే, మంట సెగకు మెత్తబడుతుంది, మాడుతుంది. వట్టి మట్టి ప్రమిద నూనెను పీల్చి బయటి రంగు మీద మరకలు కట్టిస్తుంది కూడా. మైనం పోసి అమ్మే ప్రమిదల్లో ఈ మరకల బెడద తక్కువ కాబట్టి బహుమతుల కోసం కొనేవారు వాటిని ఇష్టపడతారు.

ఇంకొకటి, అన్నిటికంటే ముఖ్యమైనది: తినే పాత్రలు, తాగే పాత్రలు. అక్రిలిక్ రంగు డబ్బా మీద విషం కాదని రాసి ఉన్నంత మాత్రాన అది అన్నం తినే పళ్ళేనికి పనికివస్తుందని అర్థం కాదు. వాడేవారికి, పిల్లలకు మామూలు వాడకంలో హాని లేదని మాత్రమే ఆ మాటకు అర్థం. వార్నిషు పూసినా ఇంతే. కాఫీ కప్పులు, పళ్ళేలు అమ్మాలనుకుంటే దారి వేరు. ఒకసారి కాల్చిన తెల్లమట్టి పాత్ర మీద గ్లేజ్ కింద వేసే అండర్‌గ్లేజ్ రంగులతో బొమ్మ వేసి, పైన పారదర్శకమైన గ్లేజ్, అంటే కాల్చినప్పుడు గాజులా మారే పూత, పోసి, మళ్ళీ కొలిమిలో కాల్చాలి. మట్టి రకాన్ని బట్టి ఆ వేడి 1000 డిగ్రీల సెల్సియస్ నుంచి 1250 డిగ్రీల దాకా ఉంటుంది. ఇంట్లో కేకులు చేసే ఓవెన్‌తో అయ్యే పని కాదిది. హైదరాబాదు వంటి నగరాల్లో మట్టిపాత్రల స్టూడియోలు రుసుము తీసుకుని మన పాత్రలను తమ విద్యుత్ కొలిమిలో కాల్చి ఇస్తాయి. ఏ గ్లేజ్ వాడుతున్నారో, అందులో సీసం లేదని తయారీదారు రాతపూర్వకంగా చెప్పాడో లేదో అడిగి తెలుసుకోండి. మన వంటల్లో చింతపండు, నిమ్మకాయ, మామిడికాయ లేని రోజు ఉండదు. సీసం ఉన్న గ్లేజ్ నుంచి పులుపు ఆ సీసాన్ని కరిగించి ఆహారంలోకి తెస్తుంది. ఆ పళ్ళెంలో పులిహోర తినేది ఎవరింటి పసిపిల్లో మనకు తెలియదు. ఈ ఒక్క విషయంలో అనుమానం ఉంటే ఆ సరుకు చేయకండి, అలంకారానికి మాత్రమేనని చీటీ అతికించి కప్పు ఆకారంలో అమ్మడం కూడా నాకు సమ్మతం కాదు. కప్పును చూసినవారు అందులో కాఫీ పోసుకోకుండా ఉండరు.

ఇవన్నీ విన్న తర్వాత, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు పనిచేసే మనిషి ఎన్ని రకాల సరుకులు చేయగలదో మీకే అర్థమై ఉంటుంది. రెండు, మహా అయితే మూడు రకాలు. కొలతలు కూడా రెండు మూడుకు మించవద్దు. ఎవరో అడిగారని ఒక రోజు గోడగడియారం, ఇంకో రోజు చేపలతొట్టి మొదలుపెడితే, ప్రతిదానికీ కొత్తగా నేర్చుకోవలసి వస్తుంది, కొత్త పెట్టె వెతకవలసి వస్తుంది, మిగిలిపోయిన సరుకు మంచం కింద చేరుతుంది.

ఇప్పుడు వెల సంగతి. ఆడవాళ్ళం ముఖ్యంగా ఇక్కడే తడబడతాం, ఎందుకంటే ఇంట్లో చేసే పనికి గంటల లెక్క వేయడం మనకు అలవాటు చేయలేదు. ఉదాహరణగా కొన్ని అంకెలు తీసుకుందాం, మీ ఊరి ధరలు వేసుకుని ఇదే లెక్క మళ్ళీ చేసుకోండి. ఒక మోస్తరు కుండ 80 రూపాయలు అనుకుందాం. పది తెస్తే ఒకటి దారిలోనో మన చేతిలోనో పోతుందనుకుంటే, ఆ నష్టం మిగిలిన తొమ్మిదింటి మీద పడి ఒక్కో కుండ 89 రూపాయలవుతుంది. ప్రైమరు, రంగులు, వార్నిషు కలిపి 50, అట్టపెట్టె, లోపలి మెత్తలు 45. ఇంతవరకు 184 రూపాయలు. కుండ కడిగినప్పటి నుంచి పెట్టెలో పెట్టేవరకు రెండున్నర గంటల పని ఉందనుకుని, గంటకు 120 చొప్పున వేసుకుంటే 300. మొత్తం 484 రూపాయలు మనకు చేరితేనే ఆ కుండ గిట్టినట్టు. దుకాణంలో పెట్టి అమ్మించుకుంటే వాళ్ళు 30 శాతం ఉంచుకున్నారనుకోండి, అప్పుడు చీటీ మీద వెల 700 దగ్గర ఉండాలి.

ఇదే కుండను ‘తెలిసినవాళ్ళే కదా’ అని 350కి ఇచ్చామనుకుందాం. ఖర్చు 184 తీసేస్తే మిగిలేది 166, గంటకు 66 రూపాయలు. అదే 350 వెలతో దుకాణంలో పెడితే వాళ్ళ వాటా పోను 245 వస్తుంది, ఖర్చు పోను 61 మిగులుతుంది, గంటకు 25 రూపాయలు కూడా గిట్టదు. అమ్మకాలు పెరిగేకొద్దీ అలసట పెరిగి, డబ్బు మాత్రం కనబడని స్థితి ఇలాగే వస్తుంది. కొందరు చేతికి వచ్చే డబ్బు తక్కువైందని రంగుల నాణ్యత తగ్గిస్తారు, దానితో కుండ కూడా చెడుతుంది.

వెల పెంచడం ఒక దారి అయితే, గంటలు తగ్గించుకోవడం ఇంకొకటి. ఒక్క కుండను మొదటి నుంచి చివరిదాకా పట్టుకు కూర్చోకుండా, పన్నెండు కుండలు ఒకేసారి కడిగి ఎండబెట్టి, ఒక సాయంత్రం అన్నిటికీ ప్రైమరు వేసి, మరో రోజు అన్నిటికీ బొమ్మ వెనుక ఉండే నేల రంగు వేసి, ఆ తర్వాత వరసగా తీగలు, అంచులు దిద్దితే, ఒక్కో కుండ మీద పడే సమయం బాగా తగ్గుతుంది. అది గంటన్నరకు దిగిందనుకుంటే మన కూలి 180, మొత్తం 364, దుకాణపు వెల 520. అదే కుండ, అదే నాణ్యత, కొనేవారికి 180 రూపాయలు తగ్గింది, మన గంట వెల తగ్గలేదు. చేతితో వేసిన బొమ్మ ఒకటి ఇంకొకటిలా ఉండదు కాబట్టి పన్నెండూ ఒకే అచ్చులా వస్తాయన్న బెంగ అక్కర్లేదు. దీనికి మీ బొమ్మ కూడా సహకరించాలి. మూడు రంగుల్లో, ఐదారు కుంచె గీతల్లో అయిపోయే నమూనాలు రెండు మూడు సాధన చేసి పెట్టుకోవాలి. మనసుకు నచ్చినట్టు రోజుల తరబడి వేసుకునే కుండ కూడా ఒకటి బల్ల మీద ఎప్పుడూ ఉండాలని చెబుతాను, దాని వెల వేరు, దాన్ని కొనేవారు వేరు.

ఒక నియమం దగ్గర మాత్రం పట్టు విడవవద్దు. మన ఇంటి దగ్గర, సంతలో, దుకాణంలో వెల ఒకటే ఉండాలి. దుకాణంలో 520 ఉన్న కుండను మనం 370కి ఇస్తున్నామని తెలిస్తే ఆ దుకాణదారు మన సరుకు తీసేస్తాడు, అందులో తప్పేమీ లేదు. ఇంటి దగ్గర అమ్మినప్పుడు మిగిలే ఆ తేడా, సంతలో స్టాలు అద్దెకూ, నిలబడిన గంటలకూ, వాట్సాప్‌లో వచ్చే ప్రశ్నలకు జవాబులిచ్చిన సమయానికీ సరిపోతుంది.

అమ్మే చోట్ల గురించి క్లుప్తంగా చెబుతాను. అపార్టుమెంట్లలో, కాలనీల్లో పండుగల ముందు పెట్టే ఒకటి రెండు రోజుల సంతలు కొత్తవారికి మంచి బడి. ఏ కుండను చేతిలోకి తీసుకుని మళ్ళీ కింద పెట్టేస్తున్నారో అక్కడ మన కళ్ళతో చూస్తాం. మాదాపూర్‌లో 1992 నుంచి ఉన్న శిల్పారామం, ఇతర ఊళ్ళలోని శిల్పారామాలు, ఆంధ్రప్రదేశ్‌లో లేపాక్షి, తెలంగాణలో గోల్కొండ పేరుతో ఉన్న హస్తకళల దుకాణాలు కొంచెం నిలదొక్కుకున్నాక చూడవలసినవి. నాంపల్లి నుమాయిష్ ప్రదర్శన 1938లో మొదలైంది, ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి నడిమి దాకా సాగుతుంది. నెలన్నర పాటు రోజూ స్టాలులో మనిషి ఉండాలి కాబట్టి దానికి ఎంత పేరున్నా ఉద్యోగం చేసుకునేవారికి ఒంటరిగా అది కుదరదు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే ఫొటోల్లో కుండ పక్కన చేయో, కొబ్బరికాయో ఉంచండి, కొలత తెలియకపోవడం వల్ల వచ్చే తగాదాలు సగం తగ్గుతాయి.

బయటి ఊళ్ళకు పంపాలంటే కొరియర్ లెక్క తెలియాలి. చాలా కొరియర్ సంస్థలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. వచ్చిన అంకె అసలు బరువుకంటే ఎక్కువైతే దాని మీదే ఛార్జీ వేస్తాయి. 30 సెంటీమీటర్ల ఘనాకారపు పెట్టెకు ఆ లెక్కన 5.4 కిలోలు వస్తుంది, లోపలి కుండ రెండు కిలోలే ఉన్నా సరే. కాబట్టి దూరం పంపే సరుకు చిన్నదిగా, ఒకదానిలో ఒకటి ఇమిడేదిగా ఉండాలి. ప్రమిదలు, గోడకు తగిలించే పళ్ళేలు దీనికి అనువైనవి. పెద్ద కుండలు మన ఊళ్ళోనే అమ్ముకోవాలి. పెట్టెలో కుండకు అన్నివైపులా రెండంగుళాల మెత్త ఉండాలి, కుండ కడుపులో కూడా కాగితం కుక్కాలి, అన్నిటికంటే ముందు విరిగే మెడ చుట్టూ విడిగా ఒక చుట్టు వేయాలి. మామిడిపండ్ల పెట్టెల్లో వాడే వరిగడ్డి చవకే గాని చెమ్మ పట్టి రంగుకు అంటుకుంటుంది, చింపిన కాగితమే మేలు. మూసిన పెట్టెను నడుము ఎత్తు నుంచి ఒకసారి వదిలి, విప్పి చూడండి. కొరియర్‌లో అంతకంటే మృదువుగా చూస్తారని ఆశపడవద్దు.

చట్టం, పన్నుల సంగతి భయపడినంత పెద్దది కాదు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు 2020 జులై 1 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా జరుగుతోంది, ఆధార్, పాన్ ఉంటే చాలు. దానికి డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా అది ప్రభుత్వానిది కాదు. జీఎస్టీ విషయంలో, సరుకులు అమ్మేవారికి తెలంగాణలో ఏడాది టర్నోవరు 20 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు దాటేవరకు సాధారణంగా నమోదు అవసరం ఉండదు. రాష్ట్రం దాటి అమ్మితే నియమం మారుతుంది, ప్రకటించిన కొన్ని హస్తకళా వస్తువులకు మినహాయింపు ఉంది. 2023 అక్టోబరు 1 నుంచి నమోదు లేని చిన్నవారు కూడా తమ రాష్ట్రంలోపల ఈ-కామర్స్ వేదికల మీద అమ్ముకోవచ్చు, అందుకు పాన్ వివరాలతో జీఎస్టీ పోర్టల్‌లో పేరు చేర్చుకోవాలి. మీ వస్తువు ఏ తరగతి కిందికి వస్తుందో ఒకసారి లెక్కల నిపుణుడికి చూపించండి. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా, వేరే క్యూఆర్ కోడ్ మొదటి రోజు నుంచే పెట్టుకోండి. ఇక ప్రభుత్వ ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది, ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. ప్రైవేటు ఉద్యోగులు తమ నియామక పత్రం చదువుకోవాలి.

బొమ్మల ఎంపికలో ఒక న్యాయం పాటించవలసి ఉంది. మనలో చాలామంది చేర్యాల బొమ్మల్ని, కలంకారీ తీగల్ని కుండల మీద వేయడానికి ఇష్టపడతారు. చేర్యాల నకాషీ చిత్రాలకు, శ్రీకాళహస్తి కలంకారీకి, నిర్మల్ చిత్రాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. 1999 నాటి చట్టం ప్రకారం ఆ పేరును సరుకు మీద వాడుకునే హక్కు అక్కడి అధీకృత కళాకారులదే. చేర్యాల కళాకారులు బట్టకు చింతగింజల జిగురు, తెల్లమట్టి పూసి, ఎర్రని నేల మీద కథలు చెప్పే ఆ చిత్రాలను వంశపారంపర్యంగా కాపాడుకొచ్చారు. మన అక్రిలిక్ కుండను ‘చేర్యాల కుండ’ అని అమ్మితే వాళ్ళ నోటి దగ్గరి కూడు తీసుకున్నట్టే. ఆ శైలిని చూసి నేర్చుకున్నామని నిజాయితీగా రాయడం ఒకటి, ఆ పేరునే సొంతం చేసుకోవడం ఇంకొకటి. ఇంటర్నెట్‌లో దొరికిన ఇతరుల బొమ్మలు, పిల్లల కార్టూను పాత్రలు కూడా ఇంతే, అడిగినవారు ఎవరైనా సరే కాపీ కొట్టి అమ్మవద్దు. మన ముంగిట్లో చుక్కల ముగ్గులు ఉన్నాయి, మెలికల ముగ్గులు ఉన్నాయి. కుండ గుండ్రదనానికి అవి అమరినంత చక్కగా ఇంకేవీ అమరవు.

నేర్పడం గురించి కూడా చెప్పాలి. ఆదివారం పూట పదిమందిని కూర్చోబెట్టి ఒక్కో కుండ వేయించే తరగతిలో, సరుకు ఖర్చు ముందే చేతికి వస్తుంది, పగిలే బెడద మనది కాదు, మిగిలిపోయే నిల్వ ఉండదు. నెలకు ఇంత అని కాస్త నిలకడైన ఆదాయం కావాలనుకునేవారికి కుండలు అమ్మడం కంటే ఇదే నయమని నా అభిప్రాయం. అయితే బొమ్మ వేయడం, వేయించడం ఒకటి కావు. ఓపిక లేనివారు ఇటు రాకపోవడమే మంచిది. కార్యాలయాల నుంచి దీపావళికి వచ్చే పెద్ద ఆర్డర్ల విషయంలో సగం సొమ్ము ముందుగా తీసుకోనిదే కుంచె ముట్టవద్దు.

చివరగా, కుమ్మరి గురించి, కాలం గురించి. ఈ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. వానాకాలంలో పచ్చి కుండ ఆరదు, ఆరుబయట ఆవం వెలగదు. దీపావళి గిరాకీ మాత్రం ఆ వానలు వెనకపట్టగానే మీద పడుతుంది. అప్పుడు కుమ్మరి దగ్గరికి పరుగెత్తితే మిగిలిన సరుకు, అరకొరగా కాలిన సరుకు దొరుకుతుంది. మన రంగులకూ ఇదే చిక్కు, గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు వార్నిషు వేస్తే పాలరంగులో మసకబారుతుంది. అందువల్ల ప్రమిదలూ కుండలూ ఎండలు ఉండగానే ఆర్డరు చేసి, తెచ్చి, ప్రైమరు వేసి పెట్టుకోవాలి, వానల రోజుల్లో ఇంట్లో కూర్చుని బొమ్మలు దిద్దుకోవచ్చు. ఎండాకాలంలో కుమ్మరికి నీళ్ళకుండల పని ఊపిరాడనివ్వదు కాబట్టి, మన పని కూడా చేసి పెట్టమనాలంటే బయానా, అంటే ముందుగా కొంత సొమ్ము, ఇవ్వడం ధర్మం. మన దగ్గర 500కు అమ్ముడయ్యే వస్తువులో ఆయన చేతికి చేరేది 80 అన్నది గుర్తుంచుకుని, ఆ 80 దగ్గర బేరమాడకండి. ఆయనకు అభ్యంతరం లేకపోతే ఊరి పేరు, చేసినవారి పేరు చీటీ మీద రాయండి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కుమ్మరి వృత్తి ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల వరకు రుణం అందులో ఉన్నాయి. అభిరుచిగా బొమ్మలు వేసే మనం దానికి అర్హులం కాము, ఆయన కావచ్చు. ఆన్‌లైన్ దరఖాస్తులు మనకు అలవాటే కాబట్టి, బయానా ఇవ్వడానికి వెళ్ళిన రోజున ఆయనకు నమోదు అయిందో లేదో అడిగి, కాకపోతే కామన్ సర్వీస్ సెంటర్‌కు వెంట వెళ్ళి దరఖాస్తు చేయించండి. ఆ రోజే కుండ కొలత, మూతి వెడల్పు, ఎన్ని కావాలో, ఆవం దించేది ఏ వారమో మాట్లాడుకుని, ఇద్దరి దగ్గరా ఒక్కో కాగితం మీద రాసి పెట్టుకోండి.